నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన బండ్లు రోడ్డు మీద ఉండాలి: పాత కార్ల క్లబ్బు కార్యవర్గానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యదర్శి, కోశాధికారి గార్లకు, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

దసరా వెళ్ళగానే కొందరు సభ్యులం కలిసి సంతకాలు పెట్టి మీకు ఒక విన్నపం ఇచ్చాం. చలికాలం నాలుగు నెలలూ క్లబ్బును ఎలా నడుపుకోవచ్చో అందులో వివరంగా రాశాం. జవాబు రాలేదు. సర్వసభ్య సమావేశంలో లేవనెత్తితే "అజెండాలో లేదు, తర్వాత చూద్దాం" అన్నారు. వాట్సాప్ గ్రూపులో అడిగినా ఎవరూ పలకలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఇది ఒక్క మన క్లబ్బు గొడవ కాదు. హైదరాబాదులో, సికింద్రాబాదులో పాత బండిని అమ్ముకోకుండా కాపాడుకుంటున్న ప్రతి ఇంటికీ ఇందులో భాగం ఉంది.

మీరు చేసిన మేలు మరిచిపోలేదు. వానలకు అపార్ట్‌మెంట్ సెల్లార్లలోకి నీళ్ళొచ్చిన రాత్రి సభ్యుల బండ్లను పైకి తీయించడానికి మీలో కొందరు తెల్లారేదాకా తిరిగారు. ఆ శ్రద్ధ చలికాలంలోనూ చూపించమని అడుగుతున్నాం, అంతే.

ఇప్పుడు జరుగుతున్నది ఇదీ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా క్లబ్బు పెట్టేది ఒకే ఒక్క కార్యక్రమం. పెద్ద హోటలు ఆవరణలో ప్రదర్శన. ఖరీదైన బండ్లు ట్రైలర్ల మీద వస్తాయి, చుట్టూ తాడు కడతారు, ముఖ్య అతిథి వచ్చి ఫొటోలు దిగి వెళ్తారు. సొంతంగా నడుపుకుంటూ వచ్చిన అంబాసిడర్లను, ప్రీమియర్ పద్మినీలను, మారుతీ 800లను మాత్రం వెనక పార్కింగులో పెట్టుకోమంటారు. క్రితం జనవరిలో ఒక సభ్యుడు భార్యాపిల్లలతో ఉప్పల్ నుంచి తన పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారు నడుపుకుంటూ వచ్చాడు. గేటు దగ్గర కుర్రాడు ఆయన్ని సందర్శకుల వరుసలోకి పంపాడు. ఆ హెరాల్డ్‌ను తిరిగి నడిచేలా చేయడానికి ఆ మనిషి ఎంత కష్టపడ్డాడో మనందరికీ తెలుసు. ఆ రోజు తర్వాత ఆయన క్లబ్బు ముఖం చూడలేదు. ఆ ప్రదర్శన అయిపోయాక మళ్ళీ ఉగాది దాకా ఎవరికి ఎవరూ కనపడరు. ఉగాది నాటికి ఎండలు ముదురుతాయి.

మన ఊరి కాలాలు ఒక్కసారి చూడండి. మే నెల ఎండలో సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర ట్రాఫిక్‌లో కాసేపు ఇరుక్కుంటే చాలు, అంబాసిడర్ రేడియేటర్ మరిగిపోతుంది. ఇంజనుకు అందించే పంపులోనే పెట్రోలు ఆవిరై బండి నడిరోడ్డున ఆగిపోతుంది. బానెట్ ఎత్తి తడిగుడ్డ వేసి నిలబడని పాత కారు యజమాని ఈ ఊళ్ళో లేడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, గుంతలు, నీళ్ళు నిలిచే అండర్‌పాసులు. ఇక మిగిలింది ఈ నాలుగు నెలలే. డిసెంబరు, జనవరిలో రాత్రిళ్ళు 14, 15 డిగ్రీలు, పగలు 28, 29. వాన ఉండదు, చెమట ఉండదు, ఇంజను వేడెక్కదు. దేవుడిచ్చిన ఈ నాలుగు నెలలనే మనం తాళం వేసి కూర్చుంటున్నాం.

చలిదేశాల సంగతి వేరు. ఇంగ్లండులో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్ళు అడుగున తగిలితే రేకు తుప్పు పట్టి రాలిపోతుంది. అందుకని అక్కడి వాళ్ళు పాత బండ్లకు కవరు కప్పి వసంతం దాకా గ్యారేజీలోనే ఉంచుతారు. అయినా అక్కడి క్లబ్బులు నిద్రపోవు. ఎవరో ఒకరి గ్యారేజీలో చేరి కలిసి పని చేసుకుంటారు, భోజనాలు పెట్టుకుంటారు, ఉపన్యాసాలు ఏర్పాటు చేస్తారు. లండన్ నుంచి బ్రైటన్ దాకా సాగే ప్రసిద్ధమైన యాత్ర నవంబరు మొదటి ఆదివారమే జరుగుతుంది. 1905కి ముందు తయారైన బండ్లు, చాలావాటికి పైన కప్పు కూడా ఉండదు, చలిలో వానలో వెళ్తాయి. మన దేశంలో చూసినా ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో మొదలుపెట్టిన ర్యాలీ ఎండలు రాకముందే జరిగే వేడుక. రోడ్డు మీద ఉప్పు లేదు, మంచు లేదు, మరి మన బండ్లు ఎందుకు మూలన పడి ఉండాలి?

మీరు చెప్పే కారణాలు సమావేశాల్లో విన్నాను. కొట్టిపారేయను. ఒక్కోదానికీ నాకు తోచిన జవాబు రాస్తున్నాను.

పెళ్ళిళ్ళ సీజను అంటారు. నిజమే, కార్తీక, మార్గశిరాల్లో ముహూర్తాలు ఎక్కువ. మన సభ్యుల బండ్లు కూడా పూలు కట్టుకొని పెళ్ళికొడుకులను తీసుకెళ్తుంటాయి. కానీ డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం వస్తే సంక్రాంతి దాకా పెళ్ళిళ్ళు ఉండవు. నాలుగు ఆదివారాలు అందరికీ ఖాళీ. క్లబ్బుకు ఇంతకంటే మంచి నెల ఏడాదిలో లేదు.

అయ్యప్ప దీక్షలు అంటారు. మాల వేసుకున్న స్వాములు మన క్లబ్బులో చాలామందే ఉన్నారు. వాళ్ళు తెల్లవారుజామునే స్నానం, పూజ ముగించుకొని ఎనిమిదింటికల్లా తయారుగా ఉంటారు. మనం చేయవలసిందల్లా శాకాహార టిఫిన్ సెంటర్ దగ్గర ఆగడం, ఆ రోజు పొగా మందూ జోలికి పోకపోవడం. ఈ రెండోది దీక్ష లేని రోజుల్లోనూ పాటిస్తే నాకు సంతోషం. స్టీరింగ్ పట్టేవాళ్ళ కూటమి మనది.

పొద్దున్నే పొగమంచు అంటారు. ఈ ఒక్క మాటలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. జనవరిలో ఔటర్ రింగ్ రోడ్డు మీద, చెరువుల పక్కన తెల్లవారుజామున పది గజాల అవతల ఏమీ కనపడని రోజులుంటాయి. పాత బండి లైట్లు మసకగా ఉంటాయి, అద్దం మీద ఆవిరి తుడిచే ఏర్పాటు ఉండదు, గుడ్డతో తుడుచుకోవాలి. పైగా ఔటర్ మీద గంటకు 120 దాకా వెళ్ళే బండ్ల మధ్య మన హెరాల్డ్ 50లో వెళ్తే ప్రాణాలతో ఆటే. అలాగని మానుకోనక్కర్లేదు. ఎనిమిదింటికి బయల్దేరితే సరిపోతుంది. ఆ పాటికి ఎండ వస్తుంది, మంచు విడుతుంది. ఔటర్ ఎక్కకుండా పాత దారుల్లో వెళ్దాం. ఆరింటికే రమ్మని పిలిచి, పెద్దవాళ్ళు రాలేదని వాళ్ళ మీద నెపం వేయడం న్యాయం కాదు.

అనుమతులు రావు అంటారు. దాని గురించి చివర్లో రాస్తాను.

ఇలా నాలుగు నెలలు ఊరుకుంటే నష్టం ఎవరికో ఇప్పుడు చెబుతాను. కార్యవర్గంలో ఉన్నవాళ్ళకు డ్రైవర్లున్నారు, షెడ్లున్నాయి, నెలకోసారి వచ్చి చూసే మెకానిక్ ఉన్నాడు. మామూలు సభ్యుడి పరిస్థితి అది కాదు.

1. బండి నిలబడితే పాడవుతుంది. నడిస్తే వచ్చే అరుగుదల కంటే నిలబడితే వచ్చే రిపేరు ఖర్చు ఎక్కువ. మొన్న ఒక సభ్యుడి పద్మినిలో పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్ విప్పుతుంటే నేను పక్కనే ఉన్నాను. గిన్నెలో పెట్రోలు చుక్క లేదు. అడుగున ముదిరిన బెల్లం పాకంలా పసుపు జిగురు పేరుకుంది. నీడిల్ కదలడం లేదు. మెకానిక్ ఉస్తాద్ పెట్రోలు వచ్చే మెయిన్ జెట్టు ఊడదీసి ఆకాశం వైపు పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. చిల్లులోంచి వెలుతురు రాలేదు. ఫ్లోటు కింద రబ్బరు వాషరు చేత్తో పట్టుకుంటే పొడిపొడి అయ్యింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ తేమను లాక్కుంటుంది. పాతకాలం రబ్బరు గొట్టాలను, డయాఫ్రమ్‌లను మెత్తబరుస్తుంది, ట్యాంకులో తుప్పు మొదలవుతుంది. నెలల తరబడి కదలని బండిలో ఈ పెట్రోలు నిలవుంటే ఏమవుతుందో ఆ కార్బురేటర్ గిన్నెలో చూశాను.

ఇంజను ఒక్కటే కాదు. బ్రేకు ఆయిలు కూడా తేమను పీలుస్తుంది, వీల్ సిలిండర్లో పిస్టన్ బిగుసుకుపోతుంది. ఒకేచోట నిలబడ్డ టైర్లు కింది వైపు చదునవుతాయి. ఎలకలు వైరింగ్ కొరుకుతాయి. చాలామంది పెద్దలు రోజూ పొద్దున సెల్లార్లో ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తుంటారు, అది మేలు అనుకుంటారు. మేలు కాదు. ఇంజను పూర్తిగా వేడెక్కకుండా ఆపితే సైలెన్సర్‌లో, ఆయిల్లో నీటి తేమ మిగిలిపోతుంది. పాత ఫియట్లలో, అంబాసిడర్లలో ఉండేది డైనమో. బండి కదలకుండా ఇంజను మెల్లగా తిరుగుతుంటే అది బ్యాటరీని చార్జ్ చేయదు, సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిన కరెంటు కూడా తిరిగి రాదు. కనీసం అరగంట రోడ్డు మీద నడవాలి. ఆ అరగంటకు ఒక కారణం, ఒక తోడు కావాలి. క్లబ్బు ఇవ్వవలసింది అదే.

2. ఒంటరిగా ఉన్న పెద్దలు. మన సభ్యుల్లో అరవై దాటినవాళ్ళు ఎందరో మీకు రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉంటారు. రిటైరైన ఒక మాస్టారు ఉన్నారు, పేరు రాయను, చదివితే ఆయనకు తెలుస్తుంది. భార్య పోయాక ఆయనకు మిగిలిన తోడు 1970ల నాటి ఆ అంబాసిడరే. సాయంత్రం కిందికి దిగి డ్రైవర్ సీట్లో కూర్చొని రేడియో పెట్టుకుంటారు. బండి తీసి ఎక్కడికి వెళ్ళాలి మాస్టారూ అని అడిగితే, "ఎక్కడికి వెళ్ళమంటావు నాయనా, ఎవరున్నారు" అన్నారు. చలికాలంలో పొద్దు త్వరగా పోతుంది, పెద్దవాళ్ళు గడప దాటడం తగ్గిస్తారు. సంక్రాంతికి ఊరంతా ఖాళీ అయితే వీళ్ళు మాత్రం ఇక్కడే ఉంటారు. ఆదివారం పొద్దున పది మంది తనకోసం ఎదురుచూస్తున్నారని తెలిస్తే మనిషి షేవింగ్ చేసుకొని ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. సభ్యత్వ రుసుము కట్టించుకున్నాక ఆ పాటి బాధ్యత మనకు లేదా?

3. ఉస్తాద్‌లు. రాణిగంజ్, పుత్లీబౌలీ, ముషీరాబాద్ గల్లీల్లో పాయింట్లు గీకి గ్యాపు పెట్టగలిగేవాళ్ళు, చెవి పెట్టి వాల్వు చప్పుడు విని ట్యాపెట్ సరిచేసేవాళ్ళు ఇంకా కొందరు మిగిలారు. వాళ్ళకు బతుకుతెరువు చిన్న చిన్న పనులే. బండ్లు తిరిగితే వారం వారం ప్లగ్గులు, క్లచ్ కేబుల్, వాటర్ పంపు పని దొరుకుతుంది. బండ్లు నిలబడితే ఏడాదికోసారి ప్రదర్శన ముందు హడావిడి, మిగతా రోజులు ఖాళీ. వాళ్ళ పిల్లలు ఈ పని నేర్చుకోరు, నేర్చుకోమని చెప్పే ధైర్యం మనకూ లేదు. ఇవాళ ఒక ఉస్తాద్ కొట్టు మూస్తే రేపు ఎంత డబ్బు పెట్టినా ఆ చెయ్యి మళ్ళీ దొరకదు.

4. వీఏ నంబరు, అంటే వింటేజ్ బండికిచ్చే నంబరు, తీసుకున్నవాళ్ళు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన, అసలు రూపం మారని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కు 5,000. కానీ ఆ బండి మామూలుగా రోడ్డు మీద తిరగకూడదు. ప్రదర్శనకు, వింటేజ్ ర్యాలీకి, పరిశోధనకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే తీయాలి. అంటే క్లబ్బు ర్యాలీ పెట్టకపోతే ఆ సభ్యుడు డబ్బు కట్టి, నంబరు తెచ్చుకొని, బండిని చూస్తూ కూర్చోవాలి. కార్యక్రమాలు పెట్టడం మనకు సరదా వ్యవహారం కావచ్చు, వాళ్ళకు మాత్రం బండి బయటికి తీసే దారి అదొక్కటే. వీఏ నంబరు లేనివాళ్ళ ఖర్చూ తక్కువ కాదు. పదిహేనేళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్. ఇరవై ఏళ్ళు దాటిన కారు రెన్యువల్ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసింది. అంత కట్టి వాడకపోతే ఇంట్లోవాళ్ళు "అమ్మేయండి" అంటారు. అనడంలో తప్పులేదు.

5. ఆడవాళ్ళు, పిల్లలు. మన కూటములు మగవాళ్ళ వ్యవహారంగా మారిపోయాయి. నాన్న వదిలివెళ్ళిన పద్మినీని తానే నడుపుతూ, తానే ప్లగ్గులు మార్చుకునే ఒక అమ్మాయి రెండుసార్లు వచ్చి మానేసింది. ఎవరూ పలకరించలేదట. ఎండ లేని కాలంలోనే కదా కుటుంబాలు బయటికి వస్తాయి! వాళ్ళను రానివ్వకపోతే పదేళ్ళలో ఈ క్లబ్బుకు వారసులుండరు.

ఇక మేము అడుగుతున్నవి.

1. నవంబరు మొదటి ఆదివారం నుంచి ఫిబ్రవరి చివరి ఆదివారం దాకా ప్రతి ఆదివారం ఉదయం ఎనిమిదింటి నుంచి పదింటి దాకా ఒకే చోట కలవాలి. నెక్లెస్ రోడ్డు పక్కన డబ్బు కట్టి ఆపుకునే పార్కింగ్ చాలు. బ్యానర్ వద్దు, అతిథి వద్దు, మైకు వద్దు. ఎవరి ఇరానీ చాయ్ డబ్బులు వాళ్ళే ఇచ్చుకుంటారు. ముగ్గురే వచ్చినా ఆ వారం రద్దు చేయకూడదు. రద్దవుతుందేమో అన్న అనుమానం ఒక్కసారి పడితే మరుసటి వారం ఎవరూ రారు. నాలుగు నెలలకూ ఒక్కో ఆదివారానికి ఒక్కో సభ్యుడిని బాధ్యుడిగా ముందే రాసిపెట్టండి. మొదటి పేరు నాది రాయండి.

2. నెలకు ఒక పగటి ప్రయాణం. వెళ్ళిరావడానికి 150 కిలోమీటర్లు మించకూడదు, చీకటి పడకముందే అందరూ ఇల్లు చేరాలి. భువనగిరి కోట, పోచంపల్లి, నర్సాపూర్ అడవి, ఇవన్నీ మనకు అందుబాటులో ఉన్నవే. మొయినాబాదు దాటాక చేవెళ్ల వైపు మర్రిచెట్ల దారి ఉంది. రెండు వైపులా ఊడలు దిగిన ఆ చెట్ల కింద నలభైలో వెళ్తుంటే మన బండ్లు ఏ రోడ్డు కోసం తయారయ్యాయో అర్థమవుతుంది. డిసెంబరులో ఆ వైపు కందిచేలు కాపు మీద ఉంటాయి. దారి పక్కన కందికాయలు కొని ఉడకబెట్టించుకొని, బానెట్ మీద పేపరు పరిచి వలుచుకు తినే పొద్దు ఏ హోటల్ హాల్లోనూ దొరకదు. వెనకాల ఎప్పుడూ ఒక బండి ఉండాలి, అందులో జాకీ, తాడు, నీళ్ళ డబ్బా, ఫ్యాన్ బెల్టు, ఒక ఉస్తాద్. ఆయన రోజు కూలీ క్లబ్బు ఇవ్వాలి.

3. నెలకోసారి ఒక ఉస్తాద్ కొట్లో పని నేర్చుకునే పూట. ఇథనాల్‌ను తట్టుకునే పెట్రోలు గొట్టాలు అందరికీ కలిపి ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది. ఆ రోజే ఎక్కించుకోవచ్చు. బ్యాటరీ ఓల్టేజీ చూడడం అందరికీ నేర్పండి. ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4కి దిగితే చార్జింగ్ పెట్టాలి. ఇది తెలియక ఏటా కొత్త బ్యాటరీ కొంటున్నవాళ్ళు ఉన్నారు. కుర్రాళ్ళను, ఇంజనీరింగ్ చదివే పిల్లలను ఉచితంగా రానివ్వాలి.

4. డిసెంబరు 14 మారుతీ 800కి కేటాయించండి. 1983లో ఆ రోజే మొదటి బండి తాళాలు ఇందిరా గాంధీ చేతుల మీదుగా అందాయి. 2014లో తయారీ ఆగిపోయింది. మన ఊళ్ళో వేల ఇళ్ళలో మొదటి కారు అదే. ముప్పై ఏళ్ళ కుర్రాళ్ళు దానితోనే మన దగ్గరికి వస్తారు. "అది పాత కారా?" అని మొహం మీద అడిగే అలవాటు మానుకుందాం. యాభై ఏళ్ళ బండి యాభై ఏళ్ళ క్రితం కొత్తదే కదా.

5. సంక్రాంతికి ఊళ్ళో మిగిలినవాళ్ళ కోసం ఒక పూట. విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు బారులు తీరే ఆ రోజుల్లో అమీర్‌పేట, ఆబిడ్స్ ఖాళీగా ఉంటాయి. కనుమ పొద్దున మొజంజాహీ మార్కెట్ దగ్గర కలిసి, నయాపూల్ దాటి, చార్మినార్ పక్కనుంచి చౌమహల్లా ప్యాలెస్ దాకా మెల్లగా వెళ్దాం. అక్కడ నిజాం కాలం నాటి బండ్లలో 1912 నాటి పసుపురంగు రోల్స్ రాయిస్ ఉంది. మనలో చాలామంది పిల్లలు దాన్ని చూడలేదు. శుక్రవారం ప్యాలెస్ మూసి ఉంటుంది, కనుమ ఆ రోజే పడితే బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియానికి వెళ్దాం. ఒంటరిగా ఉన్న పెద్దలను వాళ్ళ ఇంటి దగ్గర ఎక్కించుకొని తిరిగి దించే పని కుర్రాళ్ళు తీసుకుంటారు. అడిగి చూశాను, ఒప్పుకున్నారు. సకినాలు, అరిసెలు ఎవరిళ్ళ నుంచి వాళ్ళు తెస్తారు.

6. వార్షిక ప్రదర్శన మానమనడం లేదు. నడుపుకుంటూ వచ్చిన బండికి ముందు వరుస ఇవ్వండి, ట్రైలర్ మీద వచ్చినదానికి వెనక వరుస. కన్యకు వరుడు వెతికినట్టు ఖరీదు చూసి వరుసలు కట్టడం ఆపాలి. ప్రదర్శనకు ఎంత ఖర్చయిందో, సభ్యుల రుసుములోంచి ఎంత పోయిందో లెక్క అందరికీ ఇవ్వండి. మేం అడిగే కార్యక్రమాలకు క్లబ్బు నుంచి పైసా అక్కర్లేదు, ఉస్తాద్ కూలీ, పెట్రోలు గొట్టాలు తప్ప.

అనుమతుల సంగతి. పోలీసు, పార్కుల అధికారులకు కూడా ఈ ఉత్తరం ద్వారా మనవి చేస్తున్నాను. క్రితం ఏడాది ఒక సభ్యుడు పొద్దుటి కూటమికి అనుమతి అడగబోతే ఒక కార్యాలయం ఇంకో కార్యాలయానికి పంపింది, అక్కడినుంచి మళ్ళీ మొదటిచోటికే పంపారు. దరఖాస్తుకు అవుననీ లేదు, కాదనీ లేదు. మేం రోడ్డు మూయమని అడగడం లేదు. సైరన్లు, రేసులు, వరుస కట్టి హారన్లు కొట్టడం మా పద్ధతి కాదు. ఆ పని చేసిన సభ్యుడిని మేమే బయటికి పంపుతాం. 2021లో ట్యాంక్‌బండ్‌ను ఆదివారం సాయంత్రాలు వాహనాలు లేకుండా జనానికి వదిలినప్పుడు ఊరంతా ఎంత సంతోషించిందో చూశాం. అలాంటి మనసే మా మీదా ఉంచమంటున్నాం. చలికాలం ఆదివారం పొద్దున, రద్దీ మొదలుకాకముందు, రెండు గంటలు ఆగడానికి ఒక చోటు చూపించండి. ఒక్క పేజీ దరఖాస్తు, బాధ్యుడైన ఒక్క అధికారి, నాలుగు నెలలకూ కలిపి ఒకేసారి అనుమతి. బదులుగా జనవరిలో జరిగే రహదారి భద్రతా మాసోత్సవాల్లో మా బండ్లు, మా మనుషులు మీకు అందుబాటులో ఉంటారు. సీటు బెల్టు లేని కాలంలో తయారైన బండిలో బెల్టు బిగించుకొని కూర్చున్న పెద్దాయన బడిపిల్లలకు చెబితే వాళ్ళు వింటారు.

కార్యవర్గానికి ఒక గడువు చెప్పక తప్పడం లేదు, ఎందుకంటే గడువు లేని విన్నపం ఏమయిందో చూశాం. నవంబరు 30 లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. ఒప్పుకోని అంశాలుంటే ఎందుకు ఒప్పుకోరో రాయండి, మార్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాం. జవాబు రాకపోతే సభ్యత్వ నిబంధనల ప్రకారం ప్రత్యేక సర్వసభ్య సమావేశం కోరుతూ సంతకాలు సేకరిస్తాం. క్లబ్బును చీల్చే ఉద్దేశం మాలో ఎవరికీ లేదు. పాత బండ్లున్న ఊళ్ళో రెండు క్లబ్బులయితే ఇద్దరికీ ఉస్తాద్ ఒక్కడే.

ఇక సభ్యులకు. జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోవలసిన పని లేదు. డిసెంబరు మొదటి ఆదివారం ఉదయం ఎనిమిదింటికి మేం కొందరం నెక్లెస్ రోడ్డులో సంజీవయ్య పార్కు వైపు పార్కింగులో ఉంటాం. సెల్ఫ్ కొట్టకపోతే ముందురోజే ఫోన్ చేయండి, జంపర్ కేబుల్ పట్టుకొని ఇంటికి వస్తాం. బండి అసలు కదలని స్థితిలో ఉంటే బస్సులో రండి, ఆటోలో రండి. అంబాసిడర్ మాస్టారిని నేను తీసుకొస్తున్నాను. ఉప్పల్ హెరాల్డ్ ఆయనకు మాత్రం అధ్యక్షుల వారే ఫోన్ చేసి పిలవాలని నా కోరిక. మేం పిలిస్తే రాకపోవచ్చు, మీరు పిలిస్తే వస్తారు.

ఇట్లు,
ఒక పద్మినీ యజమాని, క్లబ్బు సభ్యుడు
చిక్కడపల్లి, హైదరాబాదు